ప్రారంభ స్థాయి డీఎస్ఎల్ఆర్ కొనాలా, జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా కొనాలా?

డీఎస్ఎల్ఆర్ అంటే లోపలి అద్దం ద్వారా దృశ్యాన్ని చూపే, లెన్స్ మార్చుకోగల కెమెరా. మొదటి కెమెరాగా ఈ రెండింటిలో ఏది మేలన్నది చాలావరకు సెన్సర్ (వెలుతురును గ్రహించి చిత్రంగా మార్చే భాగం) పరిమాణాన్ని బట్టి తేలుతుంది. ప్రారంభ స్థాయి డీఎస్ఎల్ఆర్‌లలో సాధారణంగా ఉండే, ఏపీఎస్-సీ అనే పరిమాణపు సెన్సర్ సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు కాగా, చవక కాంపాక్ట్‌లలో ఎక్కువగా కనిపించే సెన్సర్ 6.2 × 4.6 మిల్లీమీటర్లే. వెలుతురును గ్రహించే వైశాల్యంలో దాదాపు 13 రెట్ల తేడా ఉన్నందువల్ల, రాత్రి దీపాల వెలుగులో తీసిన ముఖాలు రెండోదానిలో గరుకుగా, వివరం చెరిగిపోయినట్లుగా వస్తాయి.

అయితే కాంపాక్ట్‌లన్నీ ఒకే కోవకు చెందవు. 13.2 × 8.8 మిల్లీమీటర్ల సెన్సర్, ఎఫ్/1.8 లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురును లోనికి రానిస్తుంది) ఉన్న కాంపాక్ట్, ఎఫ్/3.5తో మొదలయ్యే 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చే లెన్స్) తగిలించిన డీఎస్ఎల్ఆర్‌కు మసక వెలుతురులోనూ ఇంచుమించు సాటి వస్తుంది. అందుచేత కిట్ లెన్స్‌తోనే సరిపెట్టుకోదలచినవారు అంత బరువు మోయడం, నా దృష్టిలో, దండగ. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 వంటి మరో లెన్స్ కొనే ఉద్దేశం ఉన్నవారికి, పరుగెత్తే పిల్లలనో ఆటలనో తీసేవారికి మాత్రం డీఎస్ఎల్ఆర్ తగినది. దాని వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే కిటికీలో) దృశ్యం ఆలస్యం లేకుండా కనిపిస్తుంది, ఫోకస్ కూడా చప్పున కుదురుతుంది. తయారీదారులు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల వైపు మళ్లినందున దీనికి కొత్తగా విడుదలయ్యే లెన్స్‌లు అరుదే గాని, వాడినవి విరివిగా దొరుకుతాయి.