కొయిర్ గ్యాలరీలోనే ఉండాలా, కిందికి దిగాలా?

మీ చర్చిలో వెనుక గుమ్మం మీదనున్న గ్యాలరీని వదిలి, పాటల బృందమైన కొయిర్‌ను ముందుకు రమ్మంటున్నారనీ, పాటకు ఏది మేలనీ అడిగారు. సికింద్రాబాద్‌లోని ఒక పాత చర్చి గ్యాలరీలో పదకొండేళ్లు టెనర్ (మగవారి పైస్థాయి గొంతు) పాడాను కనుక, ఆ అనుభవంతో చెబుతున్నాను.

గ్యాలరీ నుంచి పాడినప్పుడు గొంతు కింద కూర్చున్నవారి తలలకూ బట్టలకూ తగిలి అణగిపోదు; పైకప్పును పట్టుకుని ముందుకు సాగుతుంది. మేము పన్నెండుమందిమే అయినా మైకు లేకుండా ముందువైపు చివరనున్న బలిపీఠం దాకా వినిపించేది. ఎవరు ఏ చీర కట్టుకున్నారన్న ధ్యాస కూడా కింద ఆరాధనలో కూర్చున్న సంఘానికి ఉండేది కాదు.

చిక్కల్లా తాళంతోనే. ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది కాబట్టి, 30 మీటర్ల దూరంలో ముందు వరుసలో ఉన్నవారికి మా పాట సెకనులో పన్నెండో వంతు ఆలస్యంగా చేరుతుంది. దాన్ని విని వారు పాడింది మా దాకా రావడానికి మళ్లీ అంతే పడుతుంది. ఒక క్రిస్మస్ ఆరాధనలో తబలాతో ఎత్తుకున్న కీర్తన చరణం చరణానికీ నెమ్మదించి, చివరికి జోలపాటలా ముగిసింది. సంఘం లాగుతోందని మేమూ, కొయిర్ లాగుతోందని వారూ అనుకున్నాము. ఆ తరువాత కింది గొంతులకు చెవి ఇవ్వకుండా మా మాస్టారి చేతినే చూస్తూ పాడడం అలవాటు చేసుకున్నాము. బలిపీఠానికి వీపు పెట్టి కూర్చునే హార్మోనియం వాయిద్యకారునికి పాస్టరుగారు కనిపించేలా ఒక చిన్న అద్దం బిగించాము.

గ్యాలరీయే అసలైన సంప్రదాయమన్న వాదన నిలవదు. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో పల్లె చర్చిల గాయకులు వెనుక గ్యాలరీలోనే పాడేవారు. 19వ శతాబ్దంలో చాలాచోట్ల వారిని బలిపీఠం దగ్గరికి తెచ్చి, గ్యాలరీలను తొలగించారు. కథోలికుల విషయానికొస్తే, 1967 నాటి రోమ్ ఆదేశం కొయిర్ సంఘంలో భాగమని స్పష్టంగా కనిపించేలా దాని చోటు ఉండాలని చెప్పింది.

కొయిర్ నాలుగు రకాల గొంతులుగా విడిపోయి పాడే ఇంగ్లీషు పాటలకు గ్యాలరీయే బాగుంటుందని నా అభిప్రాయం. సంఘమంతా గొంతు కలపవలసిన తెలుగు కీర్తనలకు మాత్రం ముందు వరుసల పక్కన, కచేరీలోలాగా జనానికి ఎదురుగా కాకుండా, బలిపీఠం వైపు ఓరగా కూర్చోవడం మేలు. నిర్ణయానికి ముందు ఒక శనివారం సాధనలో ఒకరిని గ్యాలరీలో తాళం వేయమని, మరొకరిని ముందు వరుసలో దాన్ని వింటూ చప్పట్లు కొట్టమని చెప్పి, రెండూ ఎంత ఎడంగా పడుతున్నాయో పైనుంచి వినండి.