వైరింగ్ మొత్తం పీకెయ్యకు, ముందు లూజ్ కాంటాక్ట్ పట్టుకో

చిరంజీవి కార్తీక్‌కు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా రాత్రి పడుకున్నాక కూడా బుర్రలో తిరుగుతూనే ఉంది. నీ పాత డాడ్జ్ చార్జర్ కారు సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు కొడిగట్టిన దీపంలా అయిపోతున్నాయి. హీటర్ ఫ్యాన్ వేస్తే, బ్యాటరీకి కరెంటు ఎక్కుతోందో దిగుతోందో చూపే అమ్మీటర్ ముల్లు ఎడమవైపుకు, అంటే దిగే వైపుకు పడిపోతోంది. డాష్‌బోర్డు వెనక నుంచి కాలిన వాసన. షాపువాడేమో వైరింగ్ మొత్తం మార్చాలన్నాడు. ఆ మాటకి అప్పుడే ఊ అనెయ్యకు. 1969 చార్జర్‌లో రాగి తీగ అంత తేలిగ్గా పోదు. పోయేది తీగలు కలిసే చోటు. మన ఊళ్లో కరెంటు పని చేసేవాడు బల్బు ఆరి వెలుగుతుంటే ఒక్క ముక్కలో తేల్చేస్తాడే, "లూజ్ కాంటాక్టండీ" అని, నీ కారుకీ అదే అని నా అనుమానం. వాసన వచ్చిందన్నావు కాబట్టి ఈ పని అయ్యేదాకా బండి బయటకు తీయకు. బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఊడదీసి పక్కన పెట్టు.

ఈ కారులో కరెంటు ఏ దారిన పోతుందో ముందు ఒక కాగితం మీద గీసుకో. ఫ్యాక్టరీ సర్వీస్ మాన్యువల్లో బొమ్మ ఉంటుంది కానీ, నీ చేత్తో గీస్తేనే తలకెక్కుతుంది. ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి లావుపాటి నల్ల వైరు బయల్దేరి, ఇంజన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్యనున్న రేకు గోడ, అదే ఫైర్‌వాల్, దాని మీదున్న బల్క్‌హెడ్ కనెక్టర్ అనే పెద్ద ప్లగ్గు గుండా లోపలికి వస్తుంది. లోపల ఒక జాయింటు, అక్కడి నుంచే లైట్లకూ ఫ్యూజు బాక్సుకూ కరెంటు చీలుతుంది. మిగిలింది అమ్మీటర్ గుండా వెళ్లి, ఎర్ర వైరులో మళ్లీ అదే కనెక్టర్ దాటి, ఫ్యూజిబుల్ లింక్ (కరెంటు మితిమీరితే ఫ్యూజులా కరిగి తెగిపోయే వైరు ముక్క) మీదుగా బ్యాటరీకి చేరుతుంది. అంటే చార్జింగ్ కరెంటు ఆ ఫైర్‌వాల్‌ని రెండుసార్లు దాటాలి, రెండుసార్లూ పావు అంగుళం వెడల్పున్న ఇత్తడి రేకుల మీదుగానే. డాడ్జ్ చేసిన క్రైస్లర్ వాళ్ల ఇంజన్లకు వంక పెట్టను కానీ, ఈ ఏర్పాటు మాత్రం నాకెప్పుడూ నచ్చలేదు.

నాకు ఈ సంగతి పుస్తకం చదివి తెలియలేదు. ఓ ఆగస్టులో ఇక్కడ డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూలో, డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు జనం మధ్యలో, నా పాత డాడ్జ్ డాష్ కింద నుంచి పొగ వచ్చింది. అప్పటికే ఒక షాపు మాట విని రెండు ఆల్టర్నేటర్లు మార్చి ఉన్నాను. ఇంటికి లాక్కొచ్చి బల్క్‌హెడ్ ప్లగ్గు పీకి చూస్తే, నల్ల వైరు గూడు చుట్టూ ప్లాస్టిక్ పాకం పట్టిన బెల్లంలా కరిగి మళ్లీ గట్టిపడి ఉంది. ఎర్ర వైరు పిన్నుకి, వాడకుండా వదిలేసిన రాగి చెంబుకి పట్టినట్టు పచ్చగా చిలుం. ఆ రెండు పిన్నులు తప్ప తక్కిన వైరింగ్ అంతా శుభ్రంగానే ఉంది.

పిన్ను ఎందుకు కాలుతుందో లెక్క వేసి చూడు. చిలుం వల్ల అక్కడ అర వోల్టు పోతోందనుకో, ముప్పై ఆంపియర్లు నడుస్తున్నాయనుకో. పదిహేను వాట్లు! చిన్న సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఆ ప్లాస్టిక్ గూట్లో దూర్చి వదిలేసినట్టే.

ఇప్పుడు పని. బ్యాటరీ ఊడదీసే ఉంది కదా, బల్క్‌హెడ్ ప్లగ్గుల పక్కన వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ లాకులు వేళ్లతో నొక్కి మెల్లగా లాగు. యాభై ఏళ్లు దాటిన ప్లాస్టిక్, స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే అప్పడంలా విరుగుతుంది. తీసేముందు ఫొటోలు తీసి, ప్రతి వైరుకీ టేపు ముక్క మీద నంబరు రాసి అంటించు. ఎరుపు కాస్తా ఇటుక రంగులోకి తిరిగి ఉంటుంది, రంగుని నమ్ముకోకు. పైపైన చిలుం పట్టిన పిన్నులకు కాంటాక్ట్ క్లీనర్, సన్నని బ్రష్ చాలు. నల్లగా కాలినవాటిని శుభ్రం చేయాలని చూడకు, కత్తిరించెయ్. రాగి మెరుస్తూ కనబడేదాకా వైరుని వెనక్కి కోసి కొత్త టెర్మినల్ వెయ్యి. షాపులో ఆ టెర్మినల్ రకం పేరు ప్యాకార్డ్ 56 అని అడుగు. మంచి క్రింపింగ్ టూల్ కొనుక్కో, కటింగ్ ప్లయరుతో నొక్కింది ఏడాదిలో మళ్లీ లూజవుతుంది. అమ్మీటర్ వెనక రెండు నట్లు కూడా చూడు, చాలాసార్లు వదులుగా ఉంటాయి.

అన్నీ బిగించాక బ్యాటరీ తగిలించి, ఇంజన్ని 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, లైట్లూ ఫ్యానూ వేసి, మల్టీమీటర్ ఒక కొన ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టు. అది చూపించేదే దారిలో పోతున్న వోల్టేజి. 0.3 లోపు వస్తే హాయిగా పడుకో. ఒక వోల్టు వస్తే ఇంకా ఎక్కడో జబ్బు మిగిలి ఉన్నట్టే. దారి పొడవునా ఒక్కొక్క జాయింటుకి అటూ ఇటూ కొలుచుకుంటూ పో, దొరుకుతుంది.

ఇక ఎర్తు. ఇక్కడ గ్రౌండ్ అంటారులే. ఇంజన్ బే అంతా కొత్తగా రంగు వేయించారని సంబరంగా చెప్పావు, నాకైతే గుండె జారింది. ఆల్టర్నేటర్ వోల్టేజిని అదుపులో పెట్టే వోల్టేజి రెగ్యులేటర్ ఒళ్లు ఫైర్‌వాల్‌కి తగిలితేనే దానికి ఎర్తు. మధ్యలో పెయింట్ ఉంటే అది వోల్టేజి తక్కువుందనుకుని బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. బోల్టు కింద రంగు గీకి, పళ్ల వాషర్ వేసి బిగించు. ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండాల్సిన పట్టీ ఉందో లేదో చూడు. వెనక ఒక లైటు వేస్తే సంబంధం లేని ఇంకోటి మసగ్గా వెలిగిందా, అక్కడి హోల్డర్ ఎర్తు పోయిందనుకో.

తాళం తిప్పినప్పుడు ఇంజన్ స్టార్టయి, చెయ్యి వదలగానే ఆగిపోతే కార్బ్యురేటర్ విప్పొద్దు. ఫైర్‌వాల్ మీద తెల్లటి పింగాణీ ముక్కలా కనిపించే బ్యాలస్ట్ రెసిస్టర్, అంటే ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించేది, పోయి ఉంటుంది. ఒకటి స్పేరు కొని గ్లవ్ బాక్సులో పడెయ్.

పెద్ద ఆల్టర్నేటర్ మోజులో మాత్రం పడకు. వంద ఆంపియర్లది తెచ్చి ఈ పాత దారికి తగిలిస్తే నా పొగ కథే నీకూ. ఎప్పుడైనా అది వెయ్యాలనిపిస్తే, ఆల్టర్నేటర్ నుంచి స్టార్టర్ రిలే మీద బ్యాటరీ కేబుల్ బిగించే స్టడ్‌కి నేరుగా 8 గేజ్ వైరు, దానికి సొంతంగా 12 గేజ్ ఫ్యూజిబుల్ లింక్ ఉండాలి. గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు, తిరగేసి కొనుక్కొచ్చేవు. అలా చేశాక అమ్మీటర్ ముల్లు పెద్దగా కదలదు, కంగారుపడి నాకు ఫోన్ చేయకు. ఫ్యూజు కొట్టేస్తోందని పెద్దది వేసే పని మాత్రం ఎప్పటికీ చేయొద్దు.

ఆదివారం పొద్దున మీ టైము ఎనిమిదింటికి వీడియో కాల్ చెయ్యి, నల్ల వైరు పిన్ను నా కళ్లతో చూడాలి. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

మీ పెదనాన్న