పదేళ్ల లెక్క చూస్తే ఎలక్ట్రిక్ కారు మేలా, పెట్రోల్ కారు మేలా?

రోజూ ఎక్కువ తిరిగేవాళ్లకు ఎలక్ట్రిక్ కారే మేలు. కొనేటప్పుడు ధర ఎక్కువైనా, ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే నడిపే ఖర్చు బాగా తగ్గుతుంది. ఇంజిన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్‌ల గొడవ ఉండదు. అందరి టెన్షన్ బ్యాటరీ గురించే. మార్చాల్సి వస్తే ఖర్చు పెద్దదే కానీ, చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి.

బ్యాటరీ తయారీలో కార్బన్ ఎక్కువే వెలువడుతుంది, నిజమే. అయితే లీటరు పెట్రోల్ మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అందుకే తిరిగేకొద్దీ ఆ తేడా తీరిపోతుంది. బొగ్గు కరెంటైతే ఆలస్యంగా, సౌర విద్యుత్తయితే త్వరగా. తక్కువ తిరిగేవాళ్లు మాత్రం ఉన్న పెట్రోల్ కారునే ఇంకొన్నాళ్లు వాడుకోవడం నయం.