కాన్పు సంగతి తరువాత, ముందు మీ పిల్లి కిడ్నీలు చూపించండి

“మా పర్షియన్ పిల్లికి ఏడాది నిండింది, ఎదకు వచ్చింది. ఒక కాన్పు చేయించి పిల్లల్ని అమ్ముదామనుకుంటున్నాం. ముందుగా పిల్లుల షోకు తీసుకెళ్తే మంచి ధర వస్తుందా?” అని మీరు అడిగారు.

వస్తుంది. షోలో బహుమతి రిబ్బను గెలిచిన తల్లి పిల్లలకు అడిగినంత ఇస్తారు. నాకూ ఇచ్చారు. అందుకే ఈ జవాబు రాస్తున్నాను.

మా పిల్లి మల్లిని హైదరాబాద్‌లోనే ఒక పెంపకందారు దగ్గర కొన్నాను. దాని జాతి, వంశం చెప్పే పేపర్లు లేవు. “తల్లీ తండ్రీ రెండూ మా ఇంట్లోవే, పేపర్లతో పనేముందమ్మా” అన్నాడు. తెల్లటి బొచ్చు, రాగి రంగు కళ్లు చూసి నేను మరో ప్రశ్న వేయలేదు. రెండో ఏట దాన్ని బెంగళూరులో ఒక షోకు తీసుకెళ్లాను. పేపర్లు లేని పిల్లుల్ని కూడా అక్కడ రూపం చూసి ఫలానా జాతి అని నిర్ధారిస్తారు. రెండు రోజుల ముందు స్నానం చేయించి, ఆరబెట్టి, పౌడరు చల్లి దువ్వాను. చంకల కింద చిక్కులు విడదీయడానికే ఒక పూట పట్టింది. జడ్జి దాన్ని బల్ల మీద నిలబెట్టి తల గుండ్రంగా ఉందో లేదో, చెవుల మధ్య ఎడం ఎంత ఉందో చూశారు. దవడ పట్టి చూశారు. ఎక్కడైనా వంకర ఉందేమోనని తోకను మొదలు నుంచి కొస దాకా వేళ్లతో తడిమారు. కొత్త మనిషి చేతుల్లో మల్లి అంత నెమ్మదిగా నిలబడుతుందని నేను అనుకోలేదు. రిబ్బను వచ్చింది. ఆ రాత్రి రైలెక్కేలోపే పిల్లల కోసం నలుగురు ఫోన్ చేశారు.

తరువాత రెండు కాన్పుల్లో ఏడు పిల్లలు పుట్టాయి. ఏడూ మంచి ఇళ్లకే వెళ్లాయి.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు, జత కట్టించిన ముప్పయ్యో రోజున స్కానింగ్‌కు తీసుకెళ్లాను. తెర మీద బియ్యపు గింజలంత గుండెలు మినుకుమినుకుమంటున్నాయి. “నాలుగమ్మా” అన్నారు డాక్టరు. నేనూ వేలు పెట్టి లెక్కపెడుతున్నాను. ఆయన పరికరాన్ని కాస్త పైకి జరిపి ఆగిపోయారు. కిడ్నీ ఉండాల్సిన చోట నల్లటి గుండ్రటి మచ్చలు, ద్రాక్ష గుత్తిని అడ్డంగా కోసినట్టు. రెండో వైపూ అంతే. “ఇవి నీటితిత్తులు, పుట్టుకతోనే వచ్చినవి” అన్నారు. కాసేపాగి, “దీని పాత పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నాయి?” అని అడిగారు. ఆ ప్రశ్న ఈనాటికీ నన్ను వదల్లేదు.

ఈ జబ్బు తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు, పుట్టే ప్రతి పిల్లకూ సగానికి సగం ప్రమాదం. 2000 ప్రాంతంలో బ్రిటన్, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్‌లలో స్కానింగ్ చేసి చూసిన పర్షియన్లలో 40 శాతానికి పైగా వాటికి ఇది బయటపడింది. దీనికి కారణమైన జన్యు లోపాన్ని 2004లో కనిపెట్టారు కాబట్టి ఇప్పుడు బుగ్గ లోపల దూదితో తుడిచి తీసిన నమూనాతోనే తేల్చవచ్చు. బాధ ఎక్కడంటే, తిండి మానేయడం, బరువు తగ్గడం లాంటి లక్షణాలు చాలా పిల్లుల్లో నడివయసుకు గానీ కనబడవు. అప్పటికి అది ఎన్ని కాన్పులైనా అయి ఉంటుంది.

ఏడు ఇళ్లకూ ఫోన్ చేశాను. ఒక నంబరు పనిచేయడం లేదు. ఒకాయన “అమ్మేటప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?” అని పెట్టేశారు. ఆయన కోపం న్యాయమైనదే. మిగిలిన ఐదుగురూ స్కానింగ్ చేయించారు, మూడింటికి ఉంది. మల్లి ఆరేళ్లకే పోయింది. చివరి కాన్పులో పుట్టిన నాలుగింటినీ ఎవరికీ ఇవ్వలేదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించి మా ఇంట్లోనే ఉంచుకున్నాను.

షోలు చెడ్డవని నేననను. నిజమైన పెంపకందార్లు నాకు పరిచయమైంది అక్కడే. అడగకముందే పరీక్షల కాగితాలు తీసి చూపించేవాళ్లు వాళ్లే. కానీ జడ్జి వేళ్లకు తోక వంకర తెలుస్తుంది, కిడ్నీలో తిత్తి తెలియదు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో తొలి పెద్ద పిల్లుల ప్రదర్శన పెట్టిన హారిసన్ వీర్, తరువాత తానే అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ క్యాట్ క్లబ్‌ను వదిలేశాడు. సభ్యులకు పిల్లుల బాగు కంటే బహుమతుల మీదే ధ్యాస ఎక్కువైందని ఆయన బాధ. నాకైతే ఆ బాధ బాగా అర్థమవుతుంది.

మన దగ్గర పిల్లిని అడిగేవాళ్లు “డాల్ ఫేసా, పంచ్ ఫేసా?” అనే అడుగుతారు. ముక్కు ఎంత లోపలికి నొక్కుకుపోతే అంత ధర. ఆ ముక్కుతో అది ఊపిరి ఎలా తీసుకుంటుందో, మన ఎండాకాలంలో దాని గతేమిటో అడిగినవాళ్లు నాకు ఒక్కరు కూడా తగల్లేదు. నలభై రోజుల పిల్లను తల్లి నుంచి విడదీసి అమ్మేవాళ్లు మరో బాధ. పన్నెండు వారాలైనా తల్లి దగ్గర ఉండాలి. టీకాలు పడాలి, కరవకుండా ఆడుకోవడం తోడబుట్టినవాటి దగ్గర నేర్చుకోవాలి. మీకు షో సరదా మాత్రమే అయితే, వీధి నుంచి తెచ్చుకున్న మామూలు పిల్లులకూ చాలా షోల్లో ఒక తరగతి ఉంటుంది. ఆరోగ్యం, నిగారింపు, స్వభావం చూసి బహుమతిస్తారు. దానికి కాన్పులతో పనే లేదు.

మీ పిల్లికి పది నెలలు దాటాయి కాబట్టి స్కానింగ్‌లో తిత్తులుంటే దాదాపుగా కనబడతాయి. పొట్ట మీద కాస్త బొచ్చు తీస్తారు, నెమ్మదిగా ఉండే పిల్లికి మత్తు కూడా అక్కర్లేదు. జత కట్టించబోయే మగపిల్లి కిడ్నీ పరీక్ష కాగితం కూడా అడిగి తీసుకోండి. యజమాని “మా వాడికి ఏమీ లేదండీ” అని నోటిమాటగా చెబితే, మీ పిల్లిని తీసుకుని ఇంటికి వచ్చేయండి.