లాయరు పేరు అడిగావు కదా, ముందు ఇది చదువు

తిరుపతి, బైరాగిపట్టెడ

అమ్మణ్ణీ,

మొన్న నువ్వు ఫోన్ చేసి ‘పెద్దమ్మా, మంచి లాయరు ఉంటే చెప్పు’ అన్నప్పుడు నేను మాట మార్చేశాను. దాటేస్తున్నానని అనుకునుంటావు. చిత్తూరులో, తిరుపతిలో కలిపి ఇరవై తొమ్మిదేళ్ళు కోర్టు హాళ్ళలో కూర్చొని సాక్ష్యాలు టైపు కొట్టినదాన్ని, లాయర్ల పేర్లు నాకు తెలియకనా? అప్పుడే ఆ పేరు నీ చేతికివ్వడం ఇష్టం లేకపోయింది. ఈ ఉత్తరానికి ఇంకో కాపీ తీసి మీ ఆయనకూ పంపిస్తున్నాను. నీతో ఒక మాట, అతనితో ఒక మాట చెప్పే ఉద్దేశం నాకు లేదు.

‘సర్దుకుపో తల్లీ’ అని నేను రాయబోవడం లేదు, భయపడకు. పదిహేను నెలలుగా అతను చిత్తూరులో, నువ్వు ఇక్కడ ఉంటున్నారు. విడిపోవాలని ఇద్దరూ అనుకున్నారు. అది మీ ఇష్టం. ఎలా విడిపోతారన్నదే నా బెంగ.

మా పనిలో ఒక ముక్క ఉండేది, ‘అనుట నిజము కాదు’ అని. ‘నేను అత్తగారికి అన్నం పెట్టలేదు అనుట నిజము కాదు. నేను భార్యను చదువుకున్నదానివి కాదని ఎగతాళి చేశాను అనుట నిజము కాదు.’ అవతలి లాయరు అడుగుతాడు, సాక్షి కాదంటాడు, జడ్జిగారు చెప్తారు, నేను కొడతాను. ఒకే మనిషి ఒక్క పూటలో ముప్పై నలభైసార్లు ఆ ముక్క చెప్పిన రోజులున్నాయి. బోనులోకి ఎక్కేటప్పుడు ఆ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కోపం మాత్రమే ఉండేది. దిగేటప్పటికి అసహ్యం పుట్టేది. ఆ కాగితాలు బిడ్డ పెద్దయ్యాక కూడా బీరువాలో ఉంటాయి.

మా తమ్ముడి సంగతి నీకు తెలుసు. తొమ్మిదేళ్ళు నడిచింది. పాప యూకేజీలో ఉన్నప్పుడు మొదలై, తొమ్మిదో తరగతిలో ఉండగా తేలింది. చివరికి వాళ్ళు ఒప్పుకున్న మొత్తం ఎంతో తెలుసా? మొదటి నెలలో మా మేనమామ చెప్పిన అంకెకు పదివేలు అటూ ఇటూ. వాయిదాలకు, లాయర్లకు, బస్సు చార్జీలకు అయింది లెక్కేస్తే ఆ అంకెను దాటిపోయింది. ఇంత చెప్తున్న నేను ఆ తొమ్మిదేళ్ళూ అదే కోర్టు ఆవరణలో ఉద్యోగం చేస్తూ కూడా వాణ్ణి ఆపలేకపోయాను.

విడాకులు మాత్రం కోర్టే ఇవ్వాలి. అది తప్పదు. కానీ నగలెవరివి, డబ్బెంత, బుడ్డోడు ఎవరి దగ్గర అన్నవి జడ్జి తేల్చాలని ఏ చట్టంలోనూ లేదు. అవన్నీ మీరు తేల్చుకొని, రాసుకొని పోతే కోర్టులో మీ పని రెండు వాయిదాలతో అయిపోవచ్చు. తేల్చుకోకుండా పోతే ఆ కాలం మీ చేతిలో ఉండదు.

నువ్వు లేదన్నా సరే, ఒకటి అడగక తప్పదు. చెయ్యి చేసుకోవడం, బెదిరించడం, జీతం లాక్కోవడం లాంటివి ఉంటే ఈ ఉత్తరాన్ని ఇక్కడే మడిచిపెట్టు. భయపడే మనిషి రాజీకి కూర్చుంటే అది రాజీ కాదు, లొంగిపోవడం. అలాంటప్పుడు మహిళల హెల్ప్‌లైన్ 181కో, అత్యవసరమైతే 112కో ఫోన్ చేయాలి, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రానికి పోవాలి, 2005 గృహహింస చట్టం కింద రక్షణ అడగాలి. మీ ఇద్దరి మధ్య అలాంటిది లేదని నువ్వే రెండుసార్లు చెప్పావు కాబట్టి ముందుకు పోతున్నాను.

పెద్దమనుషుల పంచాయితీ ఒకసారి అయిందిగా, మీ నాయనమ్మ ఇంట్లో. నేనూ ఉన్నాను. పదిహేడు మందిమి. ప్లేట్లలో పొంగలి చల్లారేలోపు సంగతి మీ పెళ్ళిలో ఎవరికి మర్యాద తక్కువైందన్న దగ్గరికి పోయింది. పంచాయితీని నేను తీసిపారేయను. మంచి మనిషి ఒకడుంటే రెండు గంటల్లో తేల్చేస్తాడు. కానీ అంతమంది వద్దు. నీ వైపు ఒకరు, అతని వైపు ఒకరు చాలు, అది కూడా పెళ్ళి కుదిర్చినవాళ్ళు కాకుండా. వాళ్ళ పరువు మీ విడాకుల్లో ఇరుక్కుని ఉంటుంది.

నగల సంగతి వచ్చేసరికి మీ చిన్నాన్న ‘కాణిపాకంలో ప్రమాణం చేయిద్దాం’ అన్నాడు. మన జిల్లాలో ఆ మాటకున్న బరువు నాకూ తెలుసు. వినాయకుడి ముందు అబద్ధమాడటానికి దొంగ కూడా జంకుతాడు. చేయించుకుంటే చేయించుకోండి, నమ్మకం కుదురుతుందంటే మంచిదే. కానీ ప్రమాణం చేసినదాన్ని కాగితం మీద కూడా పెట్టండి. రేపు బ్యాంకువాళ్ళు ప్రమాణాన్ని నమ్మరు.

కాగితం అంటే గుర్తొచ్చింది. పల్లెల్లో వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘నేటి నుండి మేము భార్యాభర్తలము కాము’ అని రాసుకొని, నోటరీ ముద్ర వేయించుకొని, విడాకులైపోయాయనుకుంటారు. కాలేదు. ఏదైనా కులంలో ఆచారం ప్రకారం విడాకులుంటే 1955 హిందూ వివాహ చట్టం దాన్ని కాదనదు. కానీ ఆ ఆచారం నిజంగా ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి, అది తేలిక కాదు. ఆ పేపరును నమ్ముకొని ఇంకో పెళ్ళి చేసుకున్నవాడి కేసులో నేను సాక్ష్యం టైపు చేశాను. మొదటి భార్య బతికుండగా, విడాకులు రాకుండా రెండో పెళ్ళి చేసుకుంటే ఏడేళ్ళ దాకా జైలు పడే నేరం. పాపం, అతను ఆ పేపరు లామినేషన్ చేయించుకొని తెచ్చాడు.

ఇక మీడియేషన్, అంటే మధ్యవర్తి దగ్గర కూర్చుని మాట్లాడుకోవడం. నా ఓటు దీనికే. మీడియేటరు తీర్పు చెప్పడు. ఇద్దరినీ కలిపి కూర్చోబెడతాడు, తర్వాత విడివిడిగా మాట్లాడతాడు. విడిగా అతనితో చెప్పింది నువ్వు సరేనంటే తప్ప అవతలివాళ్ళకు చెప్పకూడదు. అక్కడ అన్న మాటలను రేపు కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. ‘నేనూ తప్పు చేశాను’ అనే మాట నేను విన్నదల్లా మీడియేషన్ గది నుంచి బయటికొచ్చినవాళ్ళ నోటే. బోనులో ఒక్కసారీ వినలేదు.

కేసు వేయకముందే దీనికి పోవచ్చని చాలామందికి తెలియదు. మన రాష్ట్రం నుంచే పోయిన ఒక భార్యాభర్తల కేసులో సుప్రీంకోర్టు 2013లో, దాంపత్య గొడవలను కోర్టుకెక్కకముందే సర్దే ఏర్పాట్లు మీడియేషన్ కేంద్రాల్లో ఉండాలని చెప్పింది. చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. అక్కడ ఒక తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చినా మీ ఆయనకు నోటీసు పంపి పిలిపిస్తారు. ఫీజు లేదు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చెయ్యి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును కూడా ఇస్తారు. మగవాళ్ళకైతే ఆదాయ పరిమితి చూస్తారు, మీ ఆయన దానిలోకి రాడు.

లోక్ అదాలత్ కూడా వాళ్ళు నడిపేదే. భరణం, నగలు, డబ్బు లాంటివి అక్కడ రాజీ చేసుకోవచ్చు. అక్కడ రాసిచ్చే రాజీ తీర్పు, అవార్డు అంటారు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే ఆ రోజు జనం ఎంత తోసుకుంటున్నా, గుమాస్తా ఎంత తొందరపెట్టినా, ప్రతి లైను చదివాకే సంతకం పెట్టు. తొందరపెట్టే గుమాస్తాల్లో నేనూ ఒకదాన్ని, అందుకే చెప్తున్నా.

మహిళా పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్ ఉంటుంది, కొందరికి పనికొచ్చింది. కానీ బేరం పెరగాలని కేసు పెట్టే ఆలోచన ఎవరు చెప్పినా వినొద్దు. భర్త, అత్తింటివాళ్ళు హింసిస్తే పెట్టే 498ఏ కేసు (2024 జులై నుంచి కొత్త చట్టమైన భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్) నిజంగా హింస పడినవాళ్ళ కోసం ఉంది. ఒకసారి పెట్టాక ‘వెనక్కి తీసుకుంటున్నా’ అంటే పోదు, కోర్టు ఒప్పుకోవాలి. ఆ తర్వాత మీ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చునే అవకాశం దాదాపు పోయినట్టే.

ఇప్పుడు అసలు లెక్కలు. ముందు నగలతో మొదలుపెట్టండి, ఎందుకంటే అవి లెక్కపెట్టడానికి వీలైనవి. పెళ్ళికి నీకు పెట్టినవి, ఎవరు పెట్టినా, నీవే. స్త్రీధనం మీద భర్తకు హక్కు లేదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కానీ ఎన్ని సవర్లు అన్న దగ్గర అందరికీ మతిమరుపు వస్తుంది. మీవాటిలో కొన్ని అతని పేరు మీద బ్యాంకులో కుదువలో ఉన్నాయన్నావు. ఆ రసీదు తీసుకో. విడిపించేది ఎవరు, ఏ తేదీలోపు, వడ్డీ ఎవరిది అన్నది రాసుకోండి. ‘నగలు ఇచ్చివేయబడును’ అని ఒక్క ముక్క రాసి వదిలేసిన రాజీలు మళ్ళీ కోర్టుకొచ్చాయి, వాటినీ నేనే టైపు చేశాను.

డబ్బు సంగతి. భరణం కేసు వేస్తే ఇద్దరూ తమ జీతం, ఆస్తి, అప్పులతో అఫిడవిట్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఎలాగూ రాయాల్సిందే అయినప్పుడు అదేదో ఇప్పుడే ఇంట్లో రాసి ఒకరికొకరు చూపించుకోండి. పేస్లిప్, ఇంటి లోను ఈఎంఐ, పీఎఫ్, ఎల్ఐసీ. దాచిన అంకె బయటపడిన రోజున రాజీ చెడుతుంది. నెలనెలా ఇవ్వడమా, ఒకేసారి ఇవ్వడమా అంటే, అతని ఉద్యోగం సంగతి చూస్తే ఒకేసారి తీసుకోవడమే నీకు మంచిదని నా అభిప్రాయం. అతనికి భారమైతే సగం మొదటి వాయిదా రోజున, మిగతా సగం చివరి వాయిదా రోజున జడ్జిగారి ఎదుటే డీడీగా ఇవ్వమను. అలా అయితే ఇచ్చినవాడికీ భయం ఉండదు, తీసుకున్నదానికీ ఉండదు.

బుడ్డోడి ఖర్చు మాత్రం ఇందులో కలపొద్దు. ‘నాకేమీ వద్దు, బిడ్డకూ వద్దు’ అని పౌరుషానికి రాసిచ్చే తల్లులున్నారు. నీ హక్కు నువ్వు వదులుకోగలవు గానీ వాడి హక్కును వదిలే అధికారం నీకు లేదు. బడి ఫీజు ఏటా పెరుగుతుంది, కాబట్టి అంకె కాకుండా ఇద్దరిలో ఎవరు ఎంత వంతు అని రాసుకోండి.

వాడు నీ దగ్గరే ఉంటాడన్నది ఇద్దరూ ఒప్పుకున్నారు. అంతటితో అయిపోలేదు. చిత్తూరుకు, ఇక్కడికి డెబ్బై కిలోమీటర్లు. నెలలో ఏ ఆదివారాలు, ఎవరు వచ్చి తీసుకెళ్ళాలి, సాయంత్రం ఎన్నింటికి దించాలి? సంక్రాంతి ఎవరింట్లో, వేసవి సెలవుల్లో ఎన్నాళ్ళు, గంగమ్మ జాతరప్పుడు ఎక్కడ? వాడి పాస్‌పోర్టు కాగితాలకు ఇద్దరి సంతకాలూ కావాల్సి వస్తే? జ్వరమొస్తే రాత్రిపూట ఫోన్ చేయొచ్చా? ఇవి చిల్లరగా కనిపిస్తాయి. నేను చూసిన ఒక జంట లక్షల దగ్గర తేల్చుకొని స్కూటీ దగ్గర తెగ్గొట్టుకుంది. మీడియేటరు ‘బిడ్డను బడికి దించేది ఎవరు?’ అని అడిగాక గానీ తాళంచెవి ఎవరికివ్వాలో వాళ్ళకు తట్టలేదు. ‘మీ అమ్మకు చెప్పు’, ‘మీ నాన్నను అడుగు’ అని వాడితో కబుర్లు మాత్రం మోయించొద్దు. ఆరేళ్ళవాడు.

ఇవన్నీ రాసుకున్నాక ఇద్దరూ కలిసి పరస్పర అంగీకారంతో, హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ అంటారు, పిటిషన్ వేస్తారు. ఏడాది వేరుగా ఉండాలన్న షరతు మీకు తీరింది. నువ్వు ఉండే తిరుపతిలోనే వేయొచ్చు. వేశాక ఒకసారి హాజరై, పిటిషన్ వేసిన రోజు నుంచి ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపల మళ్ళీ హాజరవ్వాలి. అన్నీ తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలల గడువును కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ అది అడిగి తెచ్చుకోవాలి, దానంతట అది రాదు. ఈలోపు ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకొని ‘నాకిష్టం లేదు’ అంటే విడాకులు రావు. అందుకే డబ్బు రెండు విడతలుగా ఇమ్మన్నాను.

లాయరు కావాలి, నిజమే. కానీ రాసుకున్నదాన్ని చట్టం భాషలో పెట్టడానికి. ఇద్దరికీ ఒక్కడే వద్దు, చెరొకరు ఉండండి. ఫీజు మొత్తం ముందే మాట్లాడుకో, వాయిదాకు ఇంత అని ఒప్పుకోకు. ‘ఏం కావాలమ్మా నీకు?’ అని అడక్కుండానే ‘వాణ్ణి వదలకూడదు’ అని మొదలుపెట్టే లాయరు దగ్గర కాఫీ కూడా తాగకు. నేను అనుకుంటున్న ఆమె అలాంటిది కాదు, పేరు ఎదురుగా చెప్తాను.

శనివారం మధ్యాహ్నం రా. కుదువ రసీదు జెరాక్సు తీసుకురా. మీ పెళ్ళి ఆల్బం కూడా తేవాలి, నగల లిస్టు రాయడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఇంకోటి లేదు. చూడలేనంటే చెప్పు, నువ్వు వంటింట్లో టీ పెట్టు, నేను చూసి రాస్తాను.

మీ పెద్దమ్మ