మనిషిని మలిచేది ఇల్లా, మతమా, బడా? నా మటుకు ఒక ఉర్దూ వాచకం

"మనం ఎవరమన్నది తేల్చేది కుటుంబమా, మతమా, చదువుకున్న బడా?" అని ప్రశ్న. నా జవాబు బడి. పాఠాల వల్ల అనుకునేరు, రిజిస్టర్ వల్ల.

మాది కడప దగ్గర పల్లె. దూదేకులవాళ్లం. నూర్‌బాషా అని కూడా అంటారు. మా అబ్బ, అంటే నాయన వాళ్ల నాయన, దూది ఏకి పరుపులు కుట్టేవాడు. పేర్లు ముస్లిం పేర్లు, ఇంట్లో మాట తెలుగు. అబ్బ విల్లు టంగుటంగుమంటుంటే ఆ దరువుకు మా జేజి, అంటే నాయనమ్మ, తత్వాలు పాడేది. బ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య దూదేకులాయనే కాబట్టి, ఆయన మా చుట్టమన్నట్టే మాట్లాడేది. పీర్ల పండగకు గుండం చుట్టూ ఎగిరేవాళ్లం. ఉగాది పొద్దున దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోయేవాళ్లం. స్వామిని పెళ్లాడిందని చెప్పుకునే ముస్లిం పిల్ల బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, కాబట్టి వెంకటేశ్వరస్వామి మాకు అల్లుడు. పండగపూట అల్లుడింటికి ఉత్తచేతులతో పోతారా? జేజి కొంగులో బియ్యం, బెల్లం కట్టుకునేది. ఇప్పటికీ ఉగాది రోజు అక్కడ వరసలో బురఖాలు కనిపిస్తాయి, పోయి చూడండి.

ఇందులో వింత ఏదైనా ఉందని పదేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. ఇల్లు, మతం కలిసి నాకిచ్చింది ఇదంతా. అయినా దాన్ని గుర్తింపు అనలేను. చేపకు నీళ్లు గుర్తింపా?

1991లో ఆరో తరగతికి టౌన్‌లో హైస్కూల్లో చేర్చారు. క్లర్కు నా పేరు చూశాడు, పేరులో మస్తాన్ ఉంది, ఫస్ట్ లాంగ్వేజ్ దగ్గర 'ఉర్దూ' అని రాసేశాడు. నన్నడగలేదు. పక్కనే నిలబడ్డ నాయనా చూడలేదు. తెలుగు పీరియడ్‌కు గంట కొట్టగానే మేం పదిమందిమి లేచి చివరి గదికి పోవాలి. మొదటిరోజు సారు నన్ను లేపి చదవమన్నాడు. పుస్తకం ఎడమవైపు అట్ట తెరిచి ఆఖరి పేజీ పట్టుకుని నిలబడ్డాను. గదంతా ఒకటే నవ్వు. వెనక బెంచీలో ఒకడు 'దూదేకులోడు' అన్నాడు. అంతకుముందే గ్రౌండులో తెలుగు క్లాసు పిల్లలు 'సాయిబు' అని పిలవడం మొదలుపెట్టారు. పల్లెలో నేను ఫలానా పరుపులాయన మనవణ్ణి, అంతే. ఇక్కడ ఒక్కరోజులోనే రెండు పేర్లు తగిలాయి. ఆ రెండు పేర్లూ పెట్టినవాళ్లు నన్ను తమలో కలుపుకోనివాళ్లే.

పదకొండు రోజులు అలాగే కూర్చున్నాను, ఇంట్లో చెప్పకుండా. భయం కాదు, సిగ్గు. నాకు ఉర్దూ రావాలి కాబోలు, రాకపోవడం నా తప్పు కాబోలు అనుకున్నాను.

పట్టుకున్నది జేజి. ఒక సాయంత్రం లాంతరు ముందు కూర్చుని ఉర్దూ మొదటి అక్షరం అలిఫ్ దిద్దుతుంటే వచ్చి నిలబడింది. "ఏందిరా, పుస్తకం ఎనకనుంచి తెరుస్తాండావు?" అంది. ఏడ్చాను. మరుసటి రోజు నా చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. చెంగుకు దూది అంటుకునే ఉంది. హెడ్మాస్టరు గదిలోకి పోయి, "మావోనికి తురకం రాదు సామీ, తెలుగులో ఏయండి" అంది. ఆయన రిజిస్టర్ తిప్పి చూసి, "మీరు ముస్లింలే కదమ్మా?" అన్నాడు. "ముస్లింలమే సామీ. మీరు హిందువులే కదా, మీకు హిందీ వచ్చునా?" అంది.

ఆయన నవ్వాడు. నవ్వి, ఎర్ర ఇంకుతో 'ఉర్దూ' కొట్టేసి 'తెలుగు' అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. ఆ ఎర్రగీత నాకింకా కళ్లలో ఉంది. నేనెవరో నాకు తెలిసింది ఆరోజే, ఆ గీత దగ్గరే. తర్వాత తెలుగులో ఎప్పుడూ ఎనభైకి తగ్గలేదు. పంతం అనుకోండి.

'మతం పాత్ర ఏమీ లేదా' అని అడగొచ్చు. ఉంది. ఊరికి జమాత్ వాళ్లు, అంటే ఊరూరా తిరిగి మతబోధ చేసేవాళ్లు, వచ్చిపోవడం మొదలయ్యాక నాయన ఐదు పూటలా నమాజు చదవడం నేర్చుకున్నాడు, ఉగాదికి గుడికి రావడం మానేశాడు. జేజి మానలేదు. ఇద్దరికీ గొడవ జరిగిందా అంటే అదీ లేదు. ఆరోజు పొద్దున ఆయన పరుపు కొలతలకని సైకిలెక్కి పోయేవాడు, ఆమె బస్సెక్కేది. మతం మనిషిని మార్చేస్తుందని టీవీల్లో గొంతు చించుకునేవాళ్లకు మా ఇంట్లో సరుకు దొరకదు.

అసలు నన్ను విసిగించేది మర్యాదస్తులు. హైదరాబాద్ ఆఫీసులో "ముస్లిం అయ్యుండి మీ తెలుగు భలే ఉందండీ" అంటారు. అయ్యుండి ఏమిటి? ప్రకాశం జిల్లా కరవది నుంచి షేక్ చినమౌలానా గారు శ్రీరంగం పోయి స్థిరపడి, రంగనాథుడి గుడిలో నాదస్వరం వాయించారు, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆశ్చర్యపోదలుచుకుంటే ఆయన గురించి ఆశ్చర్యపోండి, నన్ను వదిలేయండి. పాతబస్తీలో ఆటో ఎక్కితే ఇంకో బాధ: పేరు చెప్పగానే ఉర్దూ దంచుతారు, నేను నీళ్లు నమిలితే అనుమానంగా చూస్తారు.

ఇక కాగితాలు. రిజర్వేషన్ లెక్కల్లో దూదేకులవాళ్లం బీసీ-బీ. 2007లో వేరే ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్‌తో బీసీ-ఈ వచ్చింది కదా, అప్పటినుంచి ఏ కౌంటర్‌కు పోయినా పేరు చూసి 'ఈ' కొట్టబోతారు. "బీ అండీ, బీ" అని అరవాలి. 2011 జనాభా లెక్కలప్పుడు వచ్చిన టీచరమ్మ మా అమ్మను అడక్కుండానే మాతృభాష ఉర్దూ అని రాయబోయింది. అమ్మ పెన్సిలు పట్టుకుని ఆపింది. జేజి కోడలు మరి.

మా పాప చదివేది ఇంగ్లీష్ మీడియం. సెకండ్ లాంగ్వేజ్ హిందీ తీసుకుంది, ఫ్రెండ్స్ అందరూ అదే అని. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. జేజి గొడవపడి తెచ్చిపెట్టింది నేను నిలబెట్టుకోలేకపోయాను, అది ఒప్పుకుంటాను. సిద్ధయ్య తత్వం ఒకటి నేర్పాను, ట్యూన్ బాగుందని పాడుతుంది.

మొన్న జూన్‌లో పాప స్కూల్ వాళ్ల ఆన్‌లైన్ ఫారం తెరిస్తే, పేరు కొట్టగానే మదర్ టంగ్ దగ్గర 'ఉర్దూ' అని దానంతటదే వచ్చి కూర్చుంది. మార్చబోతే మారదు. ఫోన్ చేస్తే, "సిస్టమ్ అలాగే తీసుకుంటుంది సార్" అంది ఆ అమ్మాయి. కొట్టేయడానికి ఎర్ర ఇంకు కూడా లేదు. మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. శనివారం పాపను తీసుకుని నేనే పోతున్నాను.