పొగమంచు తుడిచేసిన ఫోటో గురించి

రాజోలు,
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం, దానితో పంపిన రెండు ఫోటోలు అందాయి. రెండూ ఒకటేనని మొదట పోల్చుకోలేకపోయాను. ఒకదానిలో కాలువగట్టు మీద ధనుర్మాసపు మంచు, ఆ మంచులోంచి కొబ్బరికాయలు కట్టిన సైకిల్ తోసుకుంటూ వస్తున్న మనిషి. రెండోదానిలో మంచు లేదు. గట్టు ఉంది, చెట్లు ఉన్నాయి, పచ్చరంగు మరీ ఎక్కువగా ఉంది. సైకిల్ మనిషి ఎక్కడున్నాడో కాసేపు వెతుక్కున్నాను.

మోకాలి నొప్పి వల్ల పోయిన ఆదివారం పాలకొల్లులో మన ఫోటో మిత్రులు కలిసినప్పుడు రాలేకపోయాను. అక్కడ మనవాళ్ళు ఏమన్నారో నువ్వు రాస్తే తెలిసింది. వాళ్ళు చెప్పినట్టే సరిచేశానని, అయినా ఫోటోలో ఏదో పోయిందని బాధపడ్డావు. అదే ఉత్తరంలో, ఇతరుల ఫోటోల మీద నాలుగు మాటలు రాయడం నేర్చుకోవాలనుందని, ఎలా రాయాలో చెప్పమని అడిగావు. నీ బాధలోనే నీ ప్రశ్నకు జవాబుంది. అందుకే ముందు ఆ ఆదివారం సంగతే మాట్లాడుకుందాం.

మొదటాయన "చాలా బాగుంది" అన్నాడు. పెళ్ళి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ "వంటలు బాగున్నాయండీ" అన్నట్టు. అది మర్యాద, తప్పు పట్టను. కానీ గుత్తివంకాయలో కారం సరిపోయిందనో, పులిహోరలో పులుపు తగ్గిందనో చెబితే కదా వంటవాడికి ఉపయోగం.

రెండో ఆయన "డీహేజ్ చెయ్యి, తేటగా వస్తుంది" అన్నాడు, అంటే ఎడిటింగ్‌లో మంచును తగ్గించమని. నువ్వు చేశావు. మూడో ఆయన "ఫోటో వంకరగా ఉంది, తిప్పు" అన్నాడు. నువ్వు తిప్పావు. ఆయన దేన్ని చూసి వంకర అన్నాడో నువ్వు అడగలేదు, ఆయనా చెప్పలేదు. నా అనుమానం, కొబ్బరిచెట్లను చూసి అని ఉంటాడు. మన కాలువగట్ల మీద కొబ్బరిచెట్టు నీళ్ళవైపు వాలకుండా నిటారుగా ఉంటేనే వింత. పోనీ గట్టు గీతను చూసి అన్నాడనుకున్నా, అదీ నమ్మదగిన కొలత కాదు. ధవళేశ్వరం బ్యారేజి నీళ్ళు పారించే ఈ కాలువలు నేలవాలును బట్టి మలుపులు తిరుగుతాయి. కెమెరాకు ఏటవాలుగా ఉన్న గట్టు ఫోటోలో వాలుగానే పడుతుంది, కెమెరా ఎంత సమంగా ఉన్నా సరే. నిలకడ నీరు ఉన్నచోట అసలు పరీక్ష వేరే ఉంది. ఏదైనా ఒక వస్తువు కొసను, నీళ్ళలో దాని ప్రతిబింబం కొసను కలుపుతూ గీత గీసి చూడు. ఆ గీత నిట్టనిలువుగా ఉంటే ఫోటో సరిగ్గా ఉన్నట్టే. నీ మొదటి ఫోటోలో తాటిదుంగ వంతెన గుంజకు స్కేలు పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది. వంకర వచ్చింది రెండోదానికే.

ఇక డీహేజ్ సంగతి. నా కన్ను ఏం చేసిందో చెబుతాను. మొదటి ఫోటోలో ముందు సైకిల్ చక్రం దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి తడిసిన బాట వెంట వెనక్కి వెళ్ళి, రెండో మలుపు దగ్గర మంచులో కలిసిపోయింది. ఆ మనిషి ఎంత దూరం నుంచి నడిచి వస్తున్నాడో నాకు నేనే ఊహించుకున్నాను. రెండో ఫోటోలో కన్ను ముందుగా ఆ మనిషి తలలోంచి మొలిచినట్టున్న కొబ్బరిచెట్టు దగ్గర ఆగింది, అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ చెట్టు మొదటిదానిలోనూ ఉంది. మంచు దాన్ని దాచిపెట్టి నీకు మేలు చేసింది. తేటదనం కోసం మంచును తీసేస్తే చెట్టు బయటపడింది. డీహేజ్ కాంట్రాస్టును, రంగుల గాఢతను కలిపి పెంచుతుంది. అందుకే నీడలు నీలంగా తిరిగాయి, గడ్డి ప్లాస్టిక్ తివాచీలా అయింది. పైన ఆకాశంలో పట్టీలు పట్టీలుగా కనిపిస్తున్నాయి చూశావా? నువ్వు జేపెగ్ మీద, అంటే కెమెరా కుదించి ఇచ్చిన ఫైలు మీద పనిచేశావు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచే 14 బిట్ రా ఫైలులో 16,384 ఉంటాయి. మంచు అంటేనే తెలుపుకూ బూడిదకూ మధ్య సన్నగా జారే ఛాయ. ఉన్న కొద్ది మెట్లనూ సాగదీస్తే మెట్టుకూ మెట్టుకూ మధ్య ఖాళీ కళ్ళబడుతుంది.

ఈ రెండు పేరాల్లో మంచిది, చెడ్డది అన్న మాటలు నేను వాడలేదు. చూసింది చెప్పాను, ఎక్కడ చూశానో చెప్పాను, తెలిసినంతవరకు ఎందుకలా జరిగిందో చెప్పాను. ఇతరుల ఫోటో గురించి రాసేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇంతే. తీర్పు చెప్పడం చాలా తేలిక, అందుకే అందరూ అదే చెబుతారు. తన కన్ను ఎటు వెళ్ళిందో గమనించుకోవడానికి మాత్రం రెండు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. మన తెలుగువాళ్ళకు అది కొంచెం కష్టం.

నేనూ ఒకప్పుడు నీలాగే మాట విని పాడు చేసుకున్నాను. చాలా ఏళ్ళ కిందటి సంగతి. వరదకు ఎర్రనీళ్ళు వచ్చిన శ్రావణంలో గోదావరి పాయ వశిష్ట మధ్యలో ఒక నాటుపడవ, అందులో వల సర్దుకుంటున్న ఇద్దరు. పోటీకి పంపాను. దూరపు నగరం నుంచి వచ్చిన న్యాయనిర్ణేత ఒకాయన "రంగు తేడా ఉంది, వైట్ బ్యాలెన్స్ సరిచూసుకో" అన్నాడు. ఆయన పెద్దవాడు, పేరున్నవాడు. ఇంటికొచ్చి, పడవలో ఉన్న తెల్ల గుడ్డ మీద నొక్కి, అది తెల్లగా కనిపించేలా మిగతా రంగులన్నీ సరిచేశాను. ఆ గుడ్డ వరదనీళ్ళలో తడిసి తడిసి ఎర్రబారిందన్న సంగతి నాకు తట్టలేదు. గుడ్డ తెల్లబడింది, గోదావరి బూడిదరంగుకు తిరిగింది. ప్రింటు వేయించి ఆ పడవ మనిషికే ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మాఘమాసంలో తీశారా అండీ? ఈ నీళ్ళకు పులస ఎక్కదు కదా" అన్నాడు. పులస ఎదురెక్కేది ఎర్రనీళ్ళకే. వరదను వరదగా చూపించలేని ఫోటోలో ఇక మిగిలిందేమిటి? ఆ ప్రింటు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఎవరి మాటైనా మరీ తొందరగా నమ్మబోతున్నప్పుడు తీసి చూసుకుంటాను.

న్యాయనిర్ణేత మీద నాకు కోపం లేదు. ఆయన ఎర్రనీళ్ళు చూడలేదు, అంతే. కానీ "ఆ రోజు నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?" అని ఒక్క మాట అడగవచ్చు కదా. తెలియని చోట అడగడం కూడా అభిప్రాయం చెప్పడంలో భాగమే. మన మండలంలో నారుమడి పసుపు కలిసిన లేత పచ్చగా ఉంటుంది. ఊడ్చిన నెలకు ముదురు పచ్చ, కోతకు ముందు మళ్ళీ పసుపు. ఏ నెలలో తీసిందో తెలియకుండా "పచ్చదనం చాలలేదు" అనేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది, అప్పుడప్పుడు కోపమూ వస్తుంది.

ఫోటోగ్రాఫర్లు చెప్పలేనిది ఫోటోలో ఉన్నవాళ్ళు చెబుతారు. మీ నరసాపురంలోనే, లేసు అల్లుతున్న ఒకావిడ ఫోటో మా దగ్గరికి వచ్చింది. ఆరుగురం కూర్చుని కిటికీ వెలుతురు గురించి అరగంట మాట్లాడాం. తెల్ల లేసు బూడిదరంగుగా పడిందన్నాం. అది నిజమే. ఫ్రేము నిండా తెలుపుంటే కెమెరా దాన్ని నడిమి బూడిదగా లెక్కకట్టి వెలుతురు తగ్గిస్తుంది, ఒక స్టాపో ఒకటిన్నరో మనమే పెంచుకోవాలి (ఒక స్టాపు పెంచడమంటే వెలుతురు రెట్టింపు చేయడం). చాలా తెలివిగా మాట్లాడామని అనుకున్నాం. ఆ తరవాత తీసినతను ఆవిడకు చూపిస్తే, "దారం పట్టిన వేలు కోసేశావేం బాబూ, ఆ వేలు బిగువు లేకపోతే అల్లిక ఎలా నడుస్తుంది?" అందట. క్రాప్‌లో, అంటే ఫోటో అంచులు కత్తిరించడంలో, ఎడమచేతి చూపుడువేలు పోయింది. మా ఆరుగురిలో ఒక్కరం కూడా చూడలేదు.

అందుకని, రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకో. ఈ లోపం ఎడిటింగ్‌లో తీరేదా, మళ్ళీ వెళ్తే తప్ప తీరనిదా? మనం అభిరుచి కోసం తీసేవాళ్ళం. గడువులు లేవు, జీతాలు లేవు. ఉన్న సౌకర్యమల్లా, తీసిన చోటు రేపు కూడా సైకిల్ దూరంలోనే ఉంటుంది. అయినా మనవాళ్ళ మాటలన్నీ ఎడిటింగ్ స్లైడర్ల దగ్గరే ఆగిపోతాయి. చీకటి భాగాల షాడోస్ ఎత్తు, వెలుగు భాగాల హైలైట్స్ దించు, షార్ప్‌నెస్ పెంచు. చేలో కొంగ ఫోటో చూసి "హైలైట్స్ తగ్గించు" అంటే ఏం లాభం? చుట్టూ ముదురు పచ్చ ఉండేసరికి కెమెరా వెలుతురు పెంచింది, కొంగ రెక్కల్లో ఈకల గీతలు పూర్తిగా ఎగిరిపోయాయి. లేని ఈకను ఏ స్లైడరూ తెచ్చిపెట్టదు. "రెక్కలో ఈకలు కనిపించడం లేదు. రేపు ఎండ ఎక్కకముందే వెళ్ళి, ఒక స్టాపు తగ్గించి తీసి చూడు" అను. ఆ మాటకు అతను తెల్లవారుజామున లేచి చేనుకు వెళ్తాడు. నీ మాట విని ఒకడు మళ్ళీ గట్టు ఎక్కాడంటే, దానికంటే రాసేవాళ్ళకు ఏం కావాలి? నీ సైకిల్ ఫోటోకు కూడా నా సలహా అదే. నువ్వు ఒక్క అడుగు కుడికి జరిగి ఉంటే, మంచు ఉన్నా లేకపోయినా ఆ చెట్టు తల వెనక నుంచి తప్పుకునేది.

ఎడిటింగ్ పాపమని అంటున్నానని అనుకోకు. అలా అనేవాళ్ళతో నాకు పొసగదు. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో చంద్రోదయం ఫోటో తీశాడు. ఆ ఒక్క నెగెటివ్ నుంచే దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూ పోయాడు, ఏళ్ళు గడిచేకొద్దీ ఆకాశాన్ని ఇంకా ఇంకా నల్లగా చేశాడు. క్రాప్ చేయడం ఇష్టం లేదని పేరుపడిన ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ కూడా, 1932లో పారిస్ రైలుస్టేషన్ వెనక నీళ్ళ మీదుగా దూకుతున్న మనిషి ఫోటోను క్రాప్ చేశాడు. మన పాత స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిలుతో మచ్చలు మాపినవాళ్ళు ఎందరో. కాకపోతే, ఫోటో దేని కోసమో ముందు తెలుసుకోవాలి. కొల్లేటిలో గూడబాతుల ఫోటో తీసినతను వెనక ఉన్న కరెంటు తీగను చెరిపేశాడనుకో. గోడకు తగిలించుకోవడానికైతే నీకూ నాకూ అభ్యంతరం లేదు. పోటీల్లో ప్రకృతి విభాగానికి పంపితే అది కుదరదు. అక్కడ కెమెరా సెన్సార్ మీద ధూళిమచ్చలు తీసేయవచ్చు, దృశ్యంలో ఉన్నదాన్ని తీసేయకూడదు. ఈ తేడా తెలియక గొడవపడిన స్నేహితులను చూశాను. ఇద్దరూ నిజమే మాట్లాడుతున్నారు, వేరువేరు ఫోటోల గురించి.

ఇంకొక చిన్న సంగతి. మిట్టమధ్యాహ్నం బస్సులో కూర్చుని ఫోనులో చూసి "చీకటిగా ఉంది" అని రాయకు. ఎండలో ఏ ఫోటో అయినా చీకటిగానే ఉంటుంది. నీడపట్టున, తెర వెలుగు సగానికి పెట్టుకుని చూడు.

నీ ఫోటో మీద ఎవరైనా మాట్లాడుతున్నప్పుడు మాత్రం ఆ రోజు నాలుగింటికి లేచానని, జలగ పట్టిందని కథ మొదలుపెట్టకు. నీ కష్టం ఫ్రేములో లేదు. ఎదుటివాళ్ళు చూసేది ఫ్రేమునే. కాగితం మీద రాసుకో, రెండు రాత్రులు పోనీ. ఒక్కరు అంటే వాళ్ళ ఇష్టం కావచ్చు. ముగ్గురు ఒకేచోట తడబడితే అక్కడ ఏదో ఉంది. వాళ్ళు చెప్పిన మందు మాత్రం సరైనదే కానక్కర్లేదు. రోగికి నొప్పి ఎక్కడో తెలుస్తుంది, మందు తెలియదు. మంచు తీసేయమన్న ఆయనకు కూడా నిజంగా ఏదో అడ్డం తగిలింది. మొదటి ఫోటోలో ఎడమవైపు మూల మూడోవంతు మేర ఏమీ లేకుండా తెల్లగా ఉంది. బహుశా ఆయన్ను విసిగించింది అదే. మంచును ముట్టుకోకుండా ఆ పక్క కొంచెం క్రాప్ చేసి చూడు. నీకు నచ్చకపోతే వదిలెయ్యి. ఫోటో నీది.

ఈసారి వచ్చేటప్పుడు రా ఫైలు కూడా తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. చించినాడ వంతెన మీదుగా బస్సులో రావచ్చు గానీ, పొద్దున్నే అయితే సఖినేటిపల్లి రేవుకు పంటు మీద దాటిరా. కనుమనాడు జగ్గన్నతోటలో దేవుళ్ళ ప్రభలు కౌశిక ఏరు దాటేటప్పుడు ఎలాగూ కలుస్తాం, అప్పటికి నా మోకాలు సహకరిస్తే. ఈలోపు ఇంకా కొన్నాళ్ళు మంచు పడుతుంది. ఆ సైకిల్ మనిషి రోజూ అదే గట్టున వెళ్తాడని రాశావు కదా. మొదటి ఫోటోకు చిన్న ప్రింటు వేయించి అతనికి ఇవ్వు. చూసి ఏమన్నాడో నాకు రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు